ఆయుష్షులో తీసివేత

ఆమె గుండె పరీక్ష చేయించుకుని వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఛాతీకి అంటించిన బిళ్ళల జిగురు ఇంకా దురద పెడుతూనే ఉంది. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తూ, మధ్యలో ఒక్క నిమిషం పక్కకు తిరిగి ఇన్సులిన్ సూది వేసుకుని మళ్ళీ పనిలో పడే మనిషి. పదకొండో ఏట వచ్చిన షుగర్‌తో నలభై ఏళ్ళుగా కాపురం చేస్తోంది. ఆమె ప్రాణం తీస్తున్నది షుగర్ కాదు, చుట్టాలు.

చెప్పులు విప్పుతుంటే లోపలి నుంచి అన్నయ్య గొంతు వినిపించింది. ఫోను చూసి చదువుతున్నట్టున్నాడు.

“చిన్నప్పుడే ఈ షుగర్ వచ్చినవాళ్ళకి గుండె త్వరగా దెబ్బతింటుందట. ఆయుష్షు పదేళ్ళు తక్కువట.”

“ఎంతలోంచి తీయాలిరా ఆ పది?” అంది పిన్ని.

“అది రాయలేదు.”

“డెబ్బైలోంచి అనుకుందాం,” అంది వదిన. “తనకి ఇప్పుడే యాభై ఒకటి.”

ఆ తర్వాత “అరవైలోంచి యాభై ఒకటి...” అంటూ గొణుగుడు వినిపించింది. లెక్క కడుతున్నారన్నమాట.

ఆమెకు ఒళ్ళు మండింది. గుండె బాగానే ఉందని, మాత్ర మానకుండా వేసుకుంటూ ఏడాదికోసారి పరీక్షకు రమ్మన్నారని చెబుదామనే అంత గబగబా మెట్లెక్కి వచ్చింది తను. విసురుగా తలుపు తోసింది.

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. ముందు తేరుకున్నది పిన్నే. అలవాటు కొద్దీ నవ్వేసింది.

“నూరేళ్ళాయుష్షే నీకు. ఇప్పుడే నీ మాటే అనుకుంటున్నాం.”

“విన్నాను పిన్నీ,” అంటూ ఆమె సంచీలోంచి సూది తీసింది. “నూరులోంచి పది తీసేస్తే తొంభై. నాకు చాలు. కాస్త జరుగు, తినేముందు ఇది వేసుకోవాలి.”