గోగునార ముడి

ప్రతి ఆదివారం నాలుగింటికి గజపతినగరంలో జగన్నాధం పెరట్లో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు పడతాయి. పదకొండేళ్లుగా అదే వరస. పుస్తకం ఒకటే. ఒకరి తరవాత ఒకరు ఒక్కో అధ్యాయం పైకి చదవాలి, మిగిలినవాళ్లు నోరు మూసుకుని వినాలి. జగన్నాధం భార్య లక్ష్మీనరసమ్మ టీ ఇస్తుంది, చలికాలమైతే కాల్చిన తేగలు పెడుతుంది. తన వంతు వస్తే పొయ్యిమీద పాలు పొంగుతున్నాయేమోనన్న కంగారుతో గబగబా చదివేస్తుంది.

బాగా చదివినవాళ్ల కుర్చీ నేల విడిచి లేస్తుంది. లక్ష్మీనరసమ్మది బెత్తెడు. జగన్నాధం ముప్పై ఏళ్లు పోస్టుమేన్‌గా చేసి, చదువు రానివాళ్లకి ఉత్తరాలు చదివిపెట్టిన మనిషి, అతనిది జానెడు. లీలారాణి టీచరుది ఇంత అని చెప్పడానికి లేదు. మొదట్లో వరండాలోనే చదువుకునేవారు. ఆవిడ తల పైకప్పు రేకుకి కొట్టుకుని బొప్పి కట్టాక పెరట్లోకి మారారు. ఇప్పుడు గోడ మీంచి ఆవిడ తల కనబడితే పక్కింటి ఆడవాళ్లు బట్టలు ఆరేసుకుంటూ, "ఏటి టీచరమ్మా, కత ఎందాకా వచ్చినాది?" అని అడుగుతారు.

సూరయ్య కుర్చీ ఒక్కనాడూ లేవలేదు.

సూరయ్య జూట్ మిల్లులో బేళ్లు కట్టినవాడు. మిల్లు మూసేస్తే పదకొండు నెలలు గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నప్పుడు, ముప్పై రెండేళ్ల వయసులో అక్షరాలు దిద్దాడు. నేర్పింది లీలారాణే. తను పాఠాలు చెప్పే మిషన్ బడి సాయంత్రం వదిలాక సైకిలు మీద వచ్చి, మిల్లు గోడమీద బొగ్గుతో రాసి చూపించేది. అతనిది ఆకలి కడుపుతో నేర్చుకున్న చదువు. ఆవిడకి చిన్నప్పుడే పలకా బలపం చేతికిచ్చి కూర్చోబెట్టారు. మరి తేలేది ఆవిడ కుర్చీయా? ఈ అన్యాయం ఎవరికి చెప్పుకోవాలో అతనికి తెలిసేది కాదు. మిల్లు గేటు ముందైతే తిట్టడానికి యాజమాన్యమైనా ఉండేది.

ఇప్పటికీ అతను వరస కింద వేలు పెట్టుకుని, కూడబలుక్కుని చదువుతాడు. అధ్యాయానికి గంట. ఆ కష్టమేదో ముందే అయిపోతుందని అతని వంతు మొదటే పెట్టేవారు. టీచరుది ఆఖర్న, పాయసంలాగ.

ఈమధ్య ఆవిడ చదవడం అయిపోయినా దిగడం లేదు. పైనే కూర్చుంటుంది. లక్ష్మీనరసమ్మ మునివేళ్ల మీద నిలబడి గ్లాసు అందిస్తే పైనే టీ తాగుతుంది. పోయినేడాది భర్త సత్యరాజు పోయినప్పటినుంచీ మరీను. అతిశయం కాకపోతే ఏమిటిది అనుకునేవాడు సూరయ్య. చూసినప్పుడల్లా కడుపులో కుంపటి రాజుకునేది.

పోయిన ఆదివారం జగన్నాధం మెల్లగా బయటపెట్టాడు.

"ఒరే సూరిగా, వచ్చే వారం నుండి నీ వంతు కూడా టీచరమ్మే సదివెస్తాది. నువ్వు హాయిగా ఇనుకుందువు గాని."

"ఏటైనాది బావా నా సదువుకి?"

"ఏటీ అవ్వనేదు. పదకొండేళ్లయి ఏటీ అవ్వనేదు. అదేరా బాధ."

లక్ష్మీనరసమ్మ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. పైనున్న లీలారాణి ఏదో అనబోయి ఊరుకుంది. ఆ ఊరుకోవడమే సూరయ్యకి గుచ్చుకుంది.

ఈ ఆదివారం కుర్చీలు వేస్తానని అతను మూడింటికే వచ్చాడు. సంచిలో గోగునార తాడు ఉంది. ఒక కొస టీచరు కుర్చీ వెనక కాలికి కట్టి, రెండో కొస ఒకప్పుడు గేదెని కట్టిన గుంజకి బిగించాడు. బేళ్లు కట్టే ముడి అది, లాగేకొద్దీ బిగుస్తుంది. తాడుమీద ఎండుటాకులు కప్పాడు. అందరి ముందూ ఆ కుర్చీ ఒక్కసారి లేవకుండా ఆగిపోతే చాలు. టీచరమ్మ పని కూడా అయిపోయిందంటారు. ఎవరి వంతు ఎవరిదన్నది అప్పుడు మళ్లీ మాట్లాడుకోవచ్చు.

సూరయ్య చదవవలసిన అధ్యాయాన్ని లీలారాణి అందుకుంది. పడవమీద వెళ్లిన మొగుడికోసం ఒడ్డున వల అల్లుకుంటూ కూర్చున్న మనిషి కథ. రెండో పేజీకి కుర్చీ లేచింది. మోకాలి ఎత్తుకి రాగానే తాడు బిగిసి ఆగింది. సూరయ్య తేగ నములుతూ లోలోపల పండగ చేసుకున్నాడు.

అధ్యాయం అయిపోయింది. తాడు వదులవలేదు. గుంజ కిర్రుమంది. కుర్చీ ఒక పక్కకి ఒరిగి పైకి గుంజుతోంది. లీలారాణి పుస్తకం జారవిడిచి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కిందికి చూసింది. ఆకులు చెదిరి ముడి కనబడింది. అలాంటి ముడి వేసే చెయ్యి ఆ పెరట్లో ఒక్కటే.

"ఇదేటి పన్రా సూరిగా," అంటూ జగన్నాధం ముడి విప్పబోయాడు.

"విప్పకండి," అంది లీలారాణి. "నాకు దిగడం రావడం లేదు. ఆయన పోయిన దగ్గర్నించీ కింద నన్ను పట్టి ఉంచేదేదీ లేదు. వారం వారం ఇంకొంచెం పైకి పోతున్నాను. పోయినసారి మీరంతా లోపలికెళ్లాక జామకొమ్మ పట్టుకుని దిగాను. ఈ తాడే లేకపోతే ఇవాళ కొమ్మ కూడా అందేది కాదు."

"మరి సెప్పాల కదమ్మా," అన్నాడు జగన్నాధం.

"చెప్తే చదవనివ్వరని."

సూరయ్య నోట్లో తేగ నోట్లోనే ఉండిపోయింది. టప్పుమని తాడులో ఒక పోగు తెగింది. అతను లేచి రెండు చేతులా తాడు పట్టుకున్నాడు.

"నువ్వు తాడు వదిలి పుస్తకం తియ్యి, సూరయ్యా. చదువు," అంది లీలారాణి.

"నానా?"

"నువ్వు చదివినంతసేపూ నా కాళ్లు నేలకి ఆని ఉంటాయి. బస్తా దింపినట్టు ఒక్కో మాటా మోసుకొచ్చి దింపుతావు. నాకిప్పుడు ఆ బరువే కావాలి."

పొగిడిందో తిట్టిందో తేల్చుకునే సమయం కాదది. జగన్నాధం తాడు అందుకున్నాడు. సూరయ్య పుస్తకం తెరిచి వేలు పెట్టాడు.

"తెల్ల... వారే... సరికి," అన్నాడు.

కుర్చీ బెత్తెడు దిగింది.

పేజీ పూర్తయ్యేసరికి నాలుగు కాళ్లూ నేలని ఆనాయి. లక్ష్మీనరసమ్మ గ్లాసు తెచ్చి, "ఎన్నాళ్లకమ్మా, సెయ్యెత్తకుండా టీ ఇచ్చినాను," అంది. లీలారాణి గ్లాసు పట్టుకుని చాలాసేపు తన చెప్పుల కేసి చూసుకుంది.

ఇప్పుడు లీలారాణి తరవాత వంతు ఎప్పుడూ సూరయ్యదే. గంట పట్టినా ఎవరూ గడియారం చూడరు. తాడు కట్టేదీ అతనే. అలాగని కుంపటి ఆరిందనుకోవద్దు.

"కాస్త వదులు సూరయ్యా. గోడవతల ఏముందో చూసి చాన్నాళ్లయింది," అంటుందావిడ ప్రతి ఆదివారం.

"సూద్దాం లెండి టీచరమ్మా," అంటాడతను.

సరిగ్గా జానెడు వదిలి ముడి బిగిస్తాడు. జగన్నాధం లేచే ఎత్తుకి ఒక్క వేలెడైనా ఎక్కువ కాకుండా.