మాటకు ముందే మొహం

"ఆ..." అంది ఆటల టీచరు.

ఎదురుగా పొట్టి కుర్చీలో కూర్చున్న పిచ్చుక, చెంప దగ్గర పట్టుకున్న చెక్కముక్కను టక్కున బుట్టలో పడేసింది. టీచరు చప్పట్లు కొట్టి, కళ్ళు గుండ్రంగా తిప్పింది. పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. నాలుగేళ్ళు నిండని పిల్ల, రెండు చెవుల వెనకా రెండు వినికిడి మిషన్లు. ఎక్కడికైనా గెంతుకుంటూనే పోతుంది కనుక టీచరు ఆ పేరు పెట్టింది. చప్పుడు వినపడితే చెక్కముక్క బుట్టలో వెయ్యాలి, అదీ ఆట. వినడం అలవాటైతే మాట దాని వెనకాలే వస్తుందని ఆ గదిలో అందరి నమ్మకం.

ఆవేళ ఆ నమ్మకం మీదే తీర్పు. ఈ మిషన్లతో నెట్టుకురావచ్చా, లేక ఆపరేషన్ చేసి చెవి లోపల పరికరం పెట్టించాలా అన్నది డాక్టరుగారు పిల్ల తల్లికి చెబుతారు. పెట్టించాలంటే వేరే ఊళ్ళో పెద్దాసుపత్రికి పోవాలి, ఆలస్యం చెయ్యకూడదు. వయసు పెరిగేకొద్దీ దానివల్ల ప్రయోజనం తగ్గిపోతుంది. పరీక్ష కోసం మూసిన గదిలో కూర్చోబెడితే పిచ్చుక ఏడ్చి గోల చేస్తుంది, ఏదీ తేలదు. అందుకని డాక్టరు ఇన్నాళ్ళూ టీచరు మాట మీద ఆధారపడ్డాడు. ఆమె మాట ఎప్పుడూ ఒకటే: "బాగా వింటోంది సార్."

టీచరు పెద్ద చదువులేం చదవలేదు. భర్త పోయాక, ఎవరో సెలవు పెడితే వాళ్ళకి బదులుగా నాలుగు రోజులకని ఈ చెవుల ఆసుపత్రికి వచ్చి ఇక్కడే పాతుకుపోయింది. వెడల్పాటి మొహం, ఒత్తయిన కనుబొమలు, ఒక పక్కకి సాగే నోరు. ఆ మొహంలో ఏదీ దాగదు. "వదినా, నువ్వు కూరలో ఉప్పు మర్చిపోతే గిన్నె మూత తియ్యకముందే తెలిసిపోతుంది నాకు" అని ఏడిపిస్తుంది, ఆమెతో ఉండే ఆడపడుచు. భర్త మంచాన పడినప్పుడు "తగ్గిపోతుందన్నారు" అని చెప్పిందామె. ఆయన ఆమె మొహంకేసి ఒక్కసారి చూసి, మరేం అడగకుండా అటు తిరిగి పడుకున్నాడు. ఆ తరవాత చాలాకాలం ఆమె అద్దం చూసుకోలేదు.

పిల్లల దగ్గర మాత్రం ఆ మొహమే ఆమెకు అన్నం పెట్టింది. ఆమె కనుబొమ ఎగరేస్తే చాలు, ఎంత మొండిఘటమైనా నవ్వాల్సిందే. ఈ ఆట ఆడేటప్పుడు నోటికి ఏదైనా అడ్డం పెట్టుకోవాలని మొదట్లోనే నేర్పారు. అడ్డం పెడితే పిల్లలు బిక్కమొహం వేస్తున్నారని ఆమె ఎప్పుడో మానేసింది.

పొద్దుటినుంచీ గొంతు పట్టేసి ఉంది. "ఊ" అనబోయింది. కనుబొమలు లేచాయి, పెదాలు ముందుకు వచ్చాయి, గొంతు మాత్రం పెగల్లేదు. చిన్న చప్పుడైనా రాలేదు.

చెక్కముక్క బుట్టలో పడింది.

పిచ్చుక చప్పట్ల కోసం ఎదురుచూస్తోంది. టీచరు చప్పట్లు కొట్టలేదు. పొరపాటు పడ్డానేమో అనుకుని, ఈసారి కావాలనే చప్పుడు లేకుండా నోరు తెరిచింది. ఇంకో ముక్క పడింది. ఇంకోటి. నడుముకు దోపుకున్న రుమాలు తీసి నోటికీ ముక్కుకూ అడ్డం పెట్టుకుని, మంచినీళ్ళతో గొంతు తడుపుకుని, "ఆ" అంది. చెక్కముక్క పిల్ల చెంప దగ్గరే ఉంది. గట్టిగా అంది. ఉన్న బలమంతా పెట్టి అరిచింది. వరండా ఊడుస్తున్న ఆయా చీపురు పడేసి పరిగెత్తుకొచ్చింది.

"ఏమైందండీ?"

పిచ్చుక రెప్ప కూడా వెయ్యలేదు. రుమాలు వెనక ఏముందో చూడాలని మెడ పక్కకి వంచింది.

"ఏం లేదు, నువ్వెళ్ళు" అంది టీచరు. ఆమెకు భయం వేసింది. ఇన్ని నెలలూ పిల్ల ఆమెను చూసిందే గాని వినలేదు. ఆమె మాట నమ్మి, ఆపరేషన్ ఊసెత్తకుండా అందరూ కాలం గడిపేశారు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. పిచ్చుక ఇక్కడే ఉంటుంది, రోజూ గెంతుకుంటూ వస్తుంది. ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందో ఆమెకే సిగ్గనిపించింది.

తల్లి వరండాలోనే ఎదురైంది. "టీచర్గారూ, మీ చలవే. ఇంక కొయ్యక్కర్లేదంటారు కదూ..." అంటూనే ఆగిపోయింది. "ఏంటలా ఉన్నారు? ఏమైంది?"

"పొరపాటు జరిగిందమ్మా. పిల్లకి వినపడట్లేదు. నా మొహం చూసి వేస్తోంది."

తల్లికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"అంటే, నేనింటికెళ్ళి ఆయనకి రోజూ చెప్పిందంతా అబద్ధమేనా? ఈవేళ నాలుగు ముక్కలేసింది, ఈవేళ అన్నీ వేసిందని..."

"అవునమ్మా."

"ఈ సంగతి ముందే చూసుకోవద్దా మీరు?"

డాక్టరుగారి గదిలోకి ముగ్గురూ వెళ్ళారు. ఆయన పిల్ల వీపు వెనక నిలబడి, ఒక్కో ధ్వనీ పలికి చూశాడు. చెక్కముక్క చేతిలోనే ఉండిపోయింది. పిచ్చుక ఎదురుగా ఉన్న టీచరు మొహంలోకి ఆశగా చూస్తోంది. టీచరు తల వంచుకుని, నేలకేసి చూస్తూ కూర్చుంది. జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదామె.

డాక్టరు కోప్పడలేదు. "నేనూ చూసుకోవాల్సింది" అని, తల్లివైపు తిరిగి, "ఇంకా వేళ మించిపోలేదమ్మా. రేపే బయల్దేరండి, నేను పెద్దాసుపత్రి వాళ్ళతో మాట్లాడతాను" అన్నాడు. తల్లి ఏవేవో అడుగుతోంది, ఆయన ఓపిగ్గా చెబుతున్నాడు. ఈ సందట్లో పిచ్చుక టీచరు ఒళ్ళో రుమాలు లాక్కుని ఆటల గదిలోకి గెంతుకుంటూ పోయింది. తల్లి వెళ్ళి పిల్లను చంకనేసుకుని, టీచరుకేసి చూడకుండా మెట్లు దిగింది. ఆపరేషనయ్యాక అక్కడే ఉండి మాటలు నేర్పించుకుంటారట. ఇక ఈ గదికి రారు.

టీచరు వరండాలోకి వచ్చింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. తరవాతి పిల్లవాడు వచ్చే వేళవుతోందని ఆయా గుర్తు చేస్తే, ముక్కలు సర్దడానికి లోపలికి వెళ్ళింది.

ఆమె కుర్చీలో ఒక గుడ్డబొమ్మ కూర్చుని ఉంది, మొహమంతా రుమాలు కప్పుకుని.