వేలెత్తని రోజు

పదకొండో మలుపు దగ్గర డూగల్ రెన్నీ రెండుసార్లు హారన్ కొట్టి, మైకు నోటి దగ్గరికి లాక్కున్నాడు.

"ఎడమ పక్క టే సరస్సు. లోతు దాదాపు అయిదువందల అడుగులు. ఈతొచ్చినవాళ్లు కిటికీ పక్కన కూర్చోండి."

బస్సులో వెనకున్న పదహారు మంది యాత్రికులూ నవ్వారు. ముప్పైయొక్క ఏళ్లుగా ఆ మలుపులో అదే మాట, అదే నవ్వు.

ఇవాళ నవ్వనివాడు డూగల్ ఒక్కడే. పొట్టి మనిషి, ఎండకీ గాలికీ కందిన మెడ, స్టీరింగు మీద మచ్చలు పడ్డ పెద్ద చేతులు. కూర్చున్నది భార్య ఎఫీ తన పాత కోటు చింపి కుట్టిచ్చిన మెత్త మీద. వసంతం నుంచి అతని కుడికంటికి మీగడలాంటి పొర కమ్మింది, ఎడమదీ మందగిస్తోంది. బండి నడపొద్దని డాక్టరమ్మ కచ్చితంగా చెప్పింది. ఆ కాగితం మడిచి వంటింటి సొరుగులో పడేశాడు. ఎఫీ పోయాక ఇంట్లో అతని మాట వినేవాళ్లు లేరు. బస్సులో పదహారు మంది వింటారు. దారంతా కంఠతా వచ్చు కదా అని మొండి ధైర్యం.

ఒక్క బండి పట్టే దారి అది. ఎదురుగా ఎవరైనా వస్తే, దగ్గరున్నవాళ్లు పక్కనున్న కాస్త వెడల్పులోకి తప్పుకోవాలి. రెండోవాళ్లు దాటుతూ స్టీరింగు మీంచి చూపుడువేలు ఎత్తాలి. ఎత్తనివాడి సంగతి సాయంత్రానికి రెండూళ్లలో చెప్పుకుంటారు.

ముందు ఎరుపు కనిపించింది. ఉత్తరాలు పంచే ఊనా ఎర్ర టపా వ్యాను అనుకుని పక్కకి తప్పుకున్నాడు. అది కదల్లేదు. లైట్లు వేసి పిలిచాడు. అయినా కదల్లేదు. చివరికి తనే మెల్లగా దాటుతూ అలవాటుగా వేలెత్తాడు. అది పొలం గేటు దగ్గర ఎవరో కొత్తగా నిలిపిన గడ్డి ట్రైలరు.

"ఇక్కడ ట్రైలర్లకి కూడా మర్యాద చేస్తారా?" ముందుసీటు పెద్దావిడ నవ్వింది.

"మా ఊరు అలాంటిదమ్మా," అన్నాడు. వీపంతా చెమట పట్టింది. నిన్నటిదాకా ఉన్న రాయీ రప్పా అతనికి తెలుసు. ఇవాళ కొత్తగా వచ్చింది మాత్రం తెలియదు.

తర్వాతి మలుపులో మళ్లీ ఎరుపు. ఇంకో ట్రైలరే అనుకుని వేగం తగ్గించలేదు. ఎదుటి హారన్ చెవులు పగిలేలా మోగింది. డూగల్ బ్రేకు మీద నిలబడ్డాడు. రెండు బళ్ల పక్కద్దాలూ కొట్టుకుని పగిలాయి, ఎడమ చక్రం గడ్డిలోకి జారింది, ఎవరో కెవ్వుమన్నారు. బస్సు ఆగింది. పక్కనే, కింద, నీళ్లు.

ఊనా వ్యాను దిగి వచ్చింది. ఇరవై ఏళ్లుగా రోజూ ఎదురయ్యే మనిషి.

"ఏమయ్యా డూగల్, గొప్పవాడివైపోయావా? నాకు వేలెత్తడానికి కూడా..." అతని కళ్లు చూసి ఆగిపోయింది. మొహం ముందు చెయ్యి ఆడించింది. "ఎన్నాళ్ల నుంచి?"

"వసంతం నుంచి."

"పద్దెనిమిది మందిమి పోయేవాళ్లం కదయ్యా!"

"ఇంకో తొమ్మిది మైళ్లేనే ఊనా. ప్రతి గుంటా తెలుసు నాకు."

"నేను తెలియలేదుగా?"

డూగల్ స్టీరింగు మీంచి చేతులు తీశాడు. సిగ్గుతో తల వాలిపోయింది. ఇంజను ఆపి, లేచి నిలబడి మైకు తీసుకున్నాడు.

"బండికేం కాలేదు. నాకే అయింది. కళ్లు కనబడటం లేదు. ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు నాది."

ఎవరూ నవ్వలేదు. ఆఫీసుకి తనే ఫోన్ చేసి అదే మాట చెప్పాడు. ఎదురుచూస్తూ బిస్కెట్ల డబ్బా అందరి ముందుకీ తిప్పాడు. పెద్దావిడ ఒక్కతే ఒకటి తీసుకుంది.

గంటకి కొత్త డ్రైవరు వచ్చాడు. డూగల్ తాళంచెవి అతని చేతిలో పెట్టి, పార్సిళ్లు జరుపుకుని ఊనా పక్కన ఎక్కాడు.

"నీ మెత్త మర్చిపోయావు," అంది ఊనా.

"ఉండనీ. ఆ సీట్లో స్ప్రింగు గుచ్చుకుంటుంది."

బస్సు వాళ్లని దాటింది. కొత్తవాడు వేలెత్తాడు. డూగల్‌కి కనబడలేదు, అయినా వేలెత్తాడు.

కొత్తవాడి కింద ఎఫీ పాత కోటు మెత్త, మధ్యలో ముప్పైయొక్క ఏళ్ల గుంటతో.