బల్ల కింద గొంతు

కుట్టుమిషన్లు గోడవారకు జరిపితే ఆ గది అంతరిక్ష నౌక. ప్రతి ఆదివారం పొద్దున్నే గొణుక్కుంటూ వాటిని జరిపేది పిన్ని. ఎప్పుడో టీవీలో అర్ధంతరంగా ఆగిపోయిన సీరియల్లో ఒక నౌక దారితప్పి చీకట్లోనే ఉండిపోయింది. దాన్ని ఇంటికి చేర్చే భారం పిన్ని అక్క కూతురు నెత్తినేసుకుంది. అందుకే ఆమెను అందరూ డైరెక్టరమ్మ అంటారు. ఎపిసోడ్లు తీసి ఇంటర్నెట్‌లో పెడుతుంది. చూసేది మూడొందల మందే, కానీ ఒక్కరూ ఊరుకోరు, కనబడిన ప్రతి తప్పూ రాసి పంపుతారు.

కెప్టెన్ మన బాబాయి, అంటే పిన్ని భర్త. వాచీలు బాగుచేస్తాడు. కంట్రోల్ ప్యానెల్ నిండా ఆయన కొట్లో పాడైపోయిన గడియారాలే, ఏ రెండూ ఒకే టైము చూపించవు. కెప్టెన్ కోటు పాత స్కూటర్ కవరుతో పిన్ని కుట్టింది. అది తొడిగిన పది నిమిషాలకే ఆయన ఉడికిపోతాడు.

బాబాయి గొంతు బంగారం, బుర్ర మాత్రం జల్లెడ. ఒక్క డైలాగు కంఠతా వచ్చిన పాపాన పోలేదు. అందుకని పిన్ని ప్యానెల్ బల్ల కింద దూరి ఒక్కో వాక్యం అందించేది. ఆయన మనసులో ఒకటి, రెండు లెక్కపెట్టుకుని అప్పుడు పలికేవాడు. ఆ సందులో డైరెక్టరమ్మ కత్తెర వేసి పిన్ని గొంతు తీసేసేది. ఐదేళ్లుగా ఇదే పద్ధతి.

ఇంతలో బాబాయి గొంతులో గడ్డ తేలింది. ప్రాణానికి భయం లేదు, స్వరపేటిక తీసేయాలి, మాట మాత్రం ఉండదు అన్నాడు డాక్టరు. బుధవారం ఆపరేషన్. ఇంటికొచ్చి బాబాయి అడిగిన మొదటి మాట, "ఆఖరి ఎపిసోడ్ రాయడం అయిందా?"

ఆపరేషన్‌కు ముందు ఆదివారం కెప్టెన్ వీడ్కోలు ప్రసంగం తీశారు. గొంతు అప్పటికే బొంగురుపోయింది. ఎక్కడ మధ్యలో ఆగిపోతుందోనని బల్ల కింద పిన్నికి ఒకటే దడ. ఆ కంగారులో ఆయన ఒక వాక్యం ముగించకుండానే తర్వాతది అందించేసింది. ఆయనా లెక్క మరిచి ఆమె వెంటపడ్డట్టు చెప్పుకుపోయాడు. ప్రసంగం అయ్యేసరికి గొంతు పూర్తిగా పట్టేసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

మూడు వారాల తర్వాత డైరెక్టరమ్మ ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది, ముఖం వేలాడేసుకుని.

"పిన్నీ, నిన్ను అనడం కాదు గానీ... నీ గొంతు బాబాయి మాటల మీద పడింది. ఎక్కడ కోసినా ఆయన మాట తెగిపోతోంది."

పిన్ని కుడుతున్న బట్ట పక్కన పెట్టేసింది. ఆయన గొంతు ఇక ఎప్పటికీ కొత్తగా వినబడదు. మిగిలిన ఆఖరి ముక్కను తనే చేజేతులా పాడుచేసింది.

"నా నోరు పడిపోను! రెండంకెలు లెక్కపెట్టేంత సేపు ఆగలేకపోయానే," అని చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చింది.

మెడకు కట్టుతో కుర్చీలో కూర్చున్న బాబాయి, వినిపించమని సైగ చేశాడు. విన్నాడు. వెనక్కి తిప్పించి మళ్లీ విన్నాడు. భుజాలు కదిలేలా నవ్వి, పలక అందుకుని రాశాడు. "ఓడ చెబుతోంది, కెప్టెన్ వింటున్నాడు. ఎందుకు కొయ్యడం?"

"అసలు సీరియల్లో ఓడ మాట్లాడదు బాబాయ్! ఆ మూడొందల మందీ నన్ను ఉతికి ఆరేస్తారు."

ఆయన పలక తుడిచి మళ్లీ రాశాడు. "ఐదేళ్లుగా మాట్లాడుతూనే ఉంది. నువ్వే కోసేశావు."

డైరెక్టరమ్మ అది చదివి ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. అక్కడే కూర్చుని, నౌక నేలకు దిగే చివరి ఘట్టం తిరగరాసింది. అందులో మాటలన్నీ నౌకవే.

ఆదివారం మైకు ముందు పిన్ని కూర్చుంది. బల్ల కింద బాబాయి చేరాడు, మోకాళ్ల మీద కాగితాలు పెట్టుకుని, వాక్యానికో వేలు ఎత్తుతూ. ఆమె చెప్పాల్సింది నాలుగే వాక్యాలు. మూడు చెప్పింది. నాలుగోది గుర్తుకు రాలేదు. ఇన్నేళ్లూ ఆయన మతిమరుపును వెక్కిరించిన మనిషి తెల్లముఖం వేసి కిందికి చూసింది.

బాబాయి తలెత్తి, పెదవులు నెమ్మదిగా కదిపాడు. ముప్ఫై ఏళ్లుగా చూస్తున్న పెదవులే, ఒక్క అక్షరం పోలేదు ఆమెకు. మనసులో ఒకటి, రెండు లెక్కపెట్టుకుంది.

"ఇంటికొచ్చేశాం, కెప్టెన్," అంది.