మొదటి మూటలోని గుణం

పదవీ విరమణ చేసి ఆరేళ్లయినా, కోయంబత్తూరులోని మా కళాశాల ప్రయోగశాలకు నేను ప్రతిదినమూ వెళ్తున్నాను. నా చివరి విద్యార్థిని నివేదిత పరిశోధన ముగియలేదు గనుక వెళ్తున్నాను. ఉత్సాహం ఉండి కాదు.

మండపం అనే ఊరి తీరంలో దొరికే ఒక ఎర్ర సముద్రపు నాచు నుండి వాపును తగ్గించే పదార్థాన్ని వేరుచేయడం ఆమె పని. నాలుగేళ్ల క్రితం తెచ్చిన మొదటి మూట నుండి తీసిన సారం, గాజు పాత్రలో పెంచిన కణాల మీద మేము ఊహించనంత బాగా పనిచేసింది. ఆ ఫలితాన్ని ఇద్దరి పేర్లతో ఒక విదేశీ పత్రికలో ప్రకటించాము. తరువాత అదే తీరం నుండి, అదే మాసంలో తెచ్చిన రెండో మూటలోగాని, మూడో మూటలోగాని ఆ గుణం కనబడలేదు. ద్రావణాలను మార్చాము. సముద్రపు వేడిని, వానలను నిందించాము. థీసిస్ సమర్పించడానికి ఇక ఇరవై రోజులే గడువు.

ఆ గురువారం మూడో మూట సారాన్ని చివరిసారిగా పరీక్షించాము.

"ఇదీ ఏమీ చేయలే సార్," అన్నది నివేదిత. "గ్రాఫు తలకిందులుగా పెట్టి చూద్దామా?"

"పరిహాసానికిది సమయం కాదమ్మా."

"ఏడ్చేదానికి టైము లేదు సార్, అందుకే."

ఆర్.ఎస్. పురంలోని ఇంటికి వచ్చేసరికి మా అక్క ధనభాగ్యం వంటింట్లో సజ్జల డబ్బా ముందర కూర్చుని ఉంది. భర్త పోయిన నాటి నుండి అక్క నా వద్దనే ఉంటున్నది.

"ఏమి తంబీ, మొగం ఇట్లుండాది? ఆ బిడ్డ నాచు ఇంగా పలకలేదా?"

"లేదక్కా. మొదటి మూటకున్న గుణం మిగతావాటికి లేదు."

"అది మన అటక మీద ఎనిమిది నెలలుండినది కదా. మన ఇంట్లో ఉంటే గుణం రాక ఏమైతాది?" అని నవ్వుతూ ఒక ఎండుకొమ్మును విరిచి సజ్జలలో వేసింది. అది వస.

నేను నిలబడిపోయాను. "ఆ మూటలో కూడా వేశావా?"

"వసంబు వేయక? పూచ్చి, పురుగు పట్టితే నన్నే కదా తిట్టేది నువ్వు. మెత్తగా దంచి, అంతా బాగా కలిపి కట్టితిని."

ఆ ఏడు వానలకు కళాశాల గిడ్డంగి కారినందున మూటను ఇంటికి పంపించినది నేనే. దానిని ఎవరూ తాకరాదని అక్కకు చెప్పలేదు. ఎక్కడ ఉంచామో పుస్తకంలో వ్రాయనూ లేదు. విద్యార్థులు తేదీ మరచినా పుటంతా తిరిగి వ్రాయించిన మనిషిని నేను.

ఏటికేడు వాతావరణం మారడం వలన గుణం మారినదని రెండు పేరాలు చేర్చితే పరీక్షకులు అంగీకరించేవారు. వారిద్దరూ నన్నెరిగినవారే. ఆ రెండు పేరాలను మనసులో కూర్చుకున్నాను కూడా.

మరునాడు ఒక వస కొమ్మును పొడి చేయించి, పేరు వ్రాయని సీసాలో నివేదితకు ఇచ్చాను. సోమవారం ఆమె మొదటి మూట గ్రాఫును, ఈ పొడి గ్రాఫును ఒకదానిపై ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు పట్టింది.

"రెండూ ఒకటే సార్. ఎత్తు మొన, పక్కన చిన్న మొన, అన్నీ. ఇది ఏ ఊరి నాచు?"

"నాచు కాదమ్మా, వస. పురుగు పట్టకుండా మా అక్క మూటలో కలిపింది. మూటను ఇంటికి పంపినవాణ్ణి నేను."

ఆమె సీసా మూత తీసి వాసన చూసింది.

"మా అమ్మ కూడా రాగుల్లో వేస్తాది సార్. నాలుగేళ్లు ఆ వాసన నాకు తెలియకనే పోయిందే." తరువాత అడిగింది: "ఎవరెవరికి తెలుసు?"

"మనిద్దరికి. అక్కకు తాను చేసినది మంచి పని అనే తెలుసు."

"చెప్పకుంటే ఈ ఏడాదే నేను డాక్టరు."

"అవును. పత్రిక వారికి నేను వ్రాయక తప్పదు. అయితే పోయేది నీ డిగ్రీ. నీకు చెప్పకుండా వ్రాయడం నాకు సబబు అనిపించలేదు."

ఆమె గ్రాఫులను మడిచి సొరుగులో పెట్టింది. "వ్రాయండి సార్. లెటరు మీరే వ్రాయండి. ఆ ఇంగ్లీషు నాకు రాదు."

పదకొండు పంక్తుల ఉత్తరానికి మధ్యాహ్నమంతా పట్టింది. దోషం నాదేనని మూడో పంక్తిలో వ్రాశాను. వ్యాసాన్ని ఉపసంహరించవలసిందిగా కోరాను. ఆమె ఒక సంవత్సరం గడువు పెంచమని విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టుకున్నది.

సాయంత్రం అక్కకు సంగతంతా చెప్పాను.

"అయితే పని చేసినది నా వసంబే. ఆ పత్రికలో నా పేరు కదా వేయాల్సింది?"

"వస గుణం గురించి ఎందరో ఎప్పుడో వ్రాశారక్కా."

"నన్ను అడిగి ఉంటే నేనే చెప్పి ఉందును," అని లేచి కాఫీ కలపడానికి వెళ్లింది.

థీసిస్ గడువు తీరిన రోజున నివేదిత ఎప్పటిలాగే తొమ్మిది గంటలకు వచ్చి, మళ్లీ మొదటి నుండి పరీక్షించడానికి, రెండో మూట అడుగున మిగిలిన వస కలవని నాచును తూచడం మొదలుపెట్టింది. నేను ఎదుటి బల్ల దగ్గర కూర్చుని, ఆమె చెప్పే అంకెలను వ్రాసుకున్నాను.