వకీలు దొరకని ఆడోళ్లు

ఊరి పక్క కంకర క్రషర్ పేలుళ్లకు ఎగిరిన రాళ్లు పల్లి చేలల్లో పడ్డాయి, ఇళ్ల రేకుల మీద పడ్డాయి. ఎవరికి మొరపెట్టుకున్నా ఆగలేదు. చివరికి ఊరి ఆడవాళ్లు టిప్పర్లు పోయే దారికి అడ్డంగా కూర్చున్నారు. పోలీసులు వచ్చి జుట్టు పట్టి ఈడ్చారు. ఎల్లన్న గట్టు మీద నిలబడి చూస్తుండగానే అతని భార్య ఈరమ్మను, మరికొందరిని వ్యాన్లోకి తోశారు. ఆ తోపులాటలో క్రషర్ కంట్రాక్టరు తమ్ముడు కింద పడ్డాడు. అతను వకీలు. మర్నాడే అక్కడి కోర్టు వకీళ్ల సంఘం తీర్మానం చేసింది. ఈ ఆడవాళ్ల తరఫున ఎవరూ నిలబడకూడదు.

ఎల్లన్న కోర్టు వరండాలో గది గదికీ తిరిగాడు. తెలిసిన ముసలి వకీలు తలెత్తలేదు.

"తీర్మానమైంది ఎల్లన్నా. నిలబడితే సంఘంలకెల్లి తీసేస్తరు. కూసోనీకె కుర్చీ గూడ ఉండదు."

"నా పెండ్లాం జైల్ల నేల మీద పండుతుంది సారూ. నీకు కుర్చీ ఫికరా?"

కూలివాళ్లు సంఘం కడితే నేరమంటారు వీళ్లు. తమ సంఘం మాట మాత్రం చట్టమంటారు.

ఊరు కూర్చుని మాట్లాడుకుంది. వనపర్తిలో శిల్ప అనే వకీలు ఉంది, పేదల దగ్గర ఫీజు తీసుకోదు.

"ఆమెను రానిస్తరా?" అన్నాడు ఎల్లన్న. అతనికి ఓపిక అప్పటికే అయిపోయింది.

"రానియ్యకపోతే మనమెందుకున్నం? ఊరంత పోదాం," అంది పక్కింటి యాదమ్మ.

పోయారు. శిల్పను వెంటబెట్టుకుని వస్తుంటే కోర్టు గేటు దగ్గర నల్లకోట్లు అడ్డం నిలబడ్డాయి.

"ఏమ్మా, మీ దిక్కు కేసులు లేవా? ఈడికి అడుక్కోనీకె వచ్చినవా?" అన్నాడు కంట్రాక్టరు తమ్ముడు శిల్పతో.

యాదమ్మ ముందుకొచ్చింది. "మేం తొవ్వకు అడ్డం కూసుంటే కేసు. మీరు అడ్డం నిలబడితే ఏం లేదా సారూ? పోలీసోళ్లను పిలుస్త, జర ఆగు."

గుంపంతా నవ్వింది. కోట్లు తడబడ్డాయి. ఆడవాళ్లు చేతులు కలిపి, శిల్పను నడుమ పెట్టుకుని లోపలికి తోసుకుపోయారు. ఆమె కోటు చెయ్యి చిరిగింది. ఆ చిరుగుతోనే వాదించింది.

బెయిలు రాలేదు. పోలీసుల జవాబు అందలేదని కేసు శుక్రవారానికి పడింది.

"మళ్ల వస్తవా మేడం?" ఎల్లన్న అడిగాడు.

"వస్త. నన్ను గూడ తీసేస్తే తీసెయ్యనీ. ఇది జల్ది తెగదు ఎల్లన్నా." ఆమె గొంతూ అలిసిపోయే ఉంది.

జైలుకు తిరిగి పోయే పోలీసు వ్యాన్ ఇనుప జాలీ వెనక నుంచి ఈరమ్మ అరిచింది. "ఇందరు ఈడికెందుకొచ్చిండ్రు? ఆడ తొవ్వ మీద ఎవలు కూసున్నరు?"

అందరూ ఇక్కడే ఉన్నారు. పొద్దుటి నుంచీ క్రషర్ హాయిగా నడుస్తూ ఉండి ఉంటుంది.

"మాట్లాడవేందయ్యా?"

"పోతున్నం," అన్నాడు ఎల్లన్న.

బస్సు దిగి ఎవరూ ఇంటికి పోలేదు. కంకర నింపుకున్న టిప్పరు దుమ్ము లేపుకుంటూ వస్తోంది. మొదట ఎల్లన్నే వెళ్లి దారి మధ్యలో కూర్చున్నాడు. యాదమ్మ కూర్చుంది. తర్వాత ఊరు కూర్చుంది.

డ్రైవరు తల బయటపెట్టాడు. "లెవ్వుండ్రి! మళ్ల జైలుకు పోతరు!"

"పోతం," అన్నాడు ఎల్లన్న. "మాకిప్పుడు వకీలున్నది."