ఊ కొట్టడం వేరు

కత్తులకు సాన పట్టే ఆయనకు కుడికాలి బొటనవేలు నల్లబడి ఇరవై రోజులైంది. చక్రం తొక్కే కాలు అదే. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ కాలితో చక్రం తొక్కుతూ, వీధి వీధికీ తిరిగి, కత్తెర్లకూ కత్తులకూ పదును పెట్టి బతికినవాడు. ఒంట్లో చక్కెర ఉందని తెలిసీ, చెప్పు కొరికిన పుండుకు గుడ్డ చుట్టి పనికి పోయాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాడు. వాసన మొదలయ్యాక భార్య పోరి పోరి ఆస్పత్రిలో చేర్పించింది.

ఆయనకు చెవుడు కూడా ఉంది. చక్రం మీద ఇనుము రోజంతా కీచుమంటుంటే చెవులు మాత్రం ఎన్నాళ్లు నిలుస్తాయి? అయితే ఆ సంగతి భార్యకు తప్ప పిట్టకు కూడా తెలియదు. ఎవరేం చెప్పినా తలాడిస్తూ "ఊ... ఊ..." అంటాడు. పెదాలు చూసి సగం, చేతిలో వస్తువు చూసి సగం పోల్చుకుంటాడు. కత్తి తెచ్చినవాడు సాన పట్టమనక ఇంకేమంటాడు? ఆ పనిలో చెవుడు బయటపడదు. "నలుగురిలో నన్ను చెవిటోణ్ణి చేశావో, నీకూ నాకూ ఆ రోజుతో మాటల్లేవు" అని భార్య చేత ఎన్నడో ఒట్టు వేయించుకున్నాడు. ఆమె ఆ ఒట్టు తప్పలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె మందుల చీటీ పట్టుకుని కింది వరుసలో నిలబడింది. తిరిగి పైకి వచ్చేసరికి ఆయన దిండుకు ఆనుకుని, ఏదో ఘనకార్యం చేసినవాడిలా కూర్చున్నాడు.

"డాక్టరమ్మ వచ్చింది" అన్నాడు. "చిన్నపిల్లే గానీ మర్యాద తెలిసిన మనిషి. మంచం పక్కన కూర్చుని పావుగంట మాట్లాడింది."

ఆమె ఆయన చెవి దగ్గరకు వంగింది. "ఏం చెప్పింది?"

"చెప్పింది చాలా."

"అదే, ఏంటని?"

"నెత్తిమీద ఫ్యాను గోల. మంచి మాటే చెప్పి ఉంటుంది, మొహం చూస్తే తెలీదూ? ఊ కొట్టాను. కాగితం మీద సంతకం అడిగింది, పెట్టాను. నా సంతకం చూసి బాగుందని కూడా అంది."

పక్క మంచం మీద కాలికి పిండికట్టుతో లారీ డ్రైవరొకడు పడుకుని ఉన్నాడు. వార్డులో ఎవరి సంగతైనా వాడి నోట్లో నానాల్సిందే. వాడు తల తిప్పి, "అక్కా, నీ మొగుడి గుండె గుండె కాదు, బండరాయి" అన్నాడు. "మోకాలి కింద దాకా తీసేస్తామంటే, అమ్మమ్మ కథ చెబుతుంటే విన్నట్టు ఊ కొట్టాడు. నాకైతే పైప్రాణాలు పైనే పోయేవి."

ఆమె చేతిలో మందుల సంచి ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది.

"ఎవరి కాలు?" అంది.

"నాది కాదులే. నాది విరిగిందంతే" అన్నాడు డ్రైవరు. అని, ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. "రేపు పొద్దున పదింటికట. నీకు చెప్పలేదా?"

ఆయన ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ "ఊ" అన్నాడు.

ఆమె పరుగున వెళ్లి వార్డు చివర గదిలో డాక్టరమ్మను పట్టుకుంది. ఆ పిల్ల నిలబడే టీ తాగుతోంది. తెల్లకోటు జేబుకు సిరా మరక. కసురుకోలేదు. కుర్చీ చూపించింది. ఆమె కూర్చోలేదు.

"అమ్మా, ఆ సంతకం చెల్లదు. ఆయన ఒప్పుకోలేదు."

"ఒప్పుకున్నారమ్మా. నేనే కూర్చుని చెప్పాను. కుళ్లు పైకి పాకుతోందన్నాను, ఊ అన్నారు. కాలు తియ్యకపోతే ప్రాణానికే ముప్పన్నాను, ఊ అన్నారు. తీస్తే ఏం జరుగుతుందో చెప్పాను, దానికీ ఊ అన్నారు. ఇదిగో, అన్నీ రాశాను."

"ఆయన ఊ అనలేదమ్మా. ఊ కొట్టాడు."

"తేడా ఏముందమ్మా?"

చిన్నపిల్లలు కథ వింటూ ఊ కొడతారు. రాక్షసుడు రాజకుమారిని ఎత్తుకుపోయాడంటే ఊ అంటారు. ఎత్తుకుపోవడానికి ఒప్పుకున్నట్టా? ఇదంతా ఆమెకు తెలుసు. తెలిసినదాన్ని మాటల్లో పెట్టే చదువు లేదు. అసలు సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. ఆయనకు వినపడదు. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది. తలుపు తెరిచే ఉంది. అవతలి నుంచి ఆయన మెడ చాచి తన పెదాలనే చూస్తున్నాడు. ఒట్టు గుర్తుకొచ్చింది. నోటికి ఏది దొరికితే అది అనేసింది.

"ఆయనకేమీ అర్థం కాలేదమ్మా. చెప్పింది తెలుసుకునే స్థితిలో లేడు. ఎవరేమన్నా అలాగే ఊ కొడతాడు. ఆ మాట పట్టుకుని కాలు తీసేస్తారా?"

డాక్టరమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. "ఎన్నాళ్లుగా ఇలా ఉన్నారు?"

"చాలా ఏళ్లుగానే."

"ముందే చెప్పాల్సింది కదమ్మా" అంటూ ఆ పిల్ల కలం తీసి కాగితం మీద రెండు లైన్లు రాసింది. ఆమెకు ప్రాణం కుదుటపడింది. సంతకం కొట్టేస్తోంది కాబోలు అనుకుంది.

వార్డుకు వచ్చి మంచం అంచున కూర్చుని, ఆయన చెవిలో నోరు పెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కాలి మీది దుప్పటి తొలగించి, కట్టులోంచి బయటికి కనిపిస్తున్న వేళ్లను ఒక్కొక్కటే చూసుకున్నాడు.

"వద్దు" అన్నాడు.

"తియ్యకపోతే మనిషే దక్కడంటున్నారయ్యా."

"అర్థమైందే. నాకేం తెలివి తప్పలేదు. పోతే ఒక్కసారే పోతాను గానీ, వాయిదాల మీద పోను. కాలు లేకుండా చక్రం ముందు కూర్చుని ఏం చెయ్యను, తాళం వెయ్యనా?"

"నేను తొక్కుతాను చక్రం."

"నువ్వు తొక్కితే నేను పట్టాలా? పదును చేతిలో ఉండదే పిచ్చిదానా, కాలిలో ఉంటుంది. ఎక్కడ ఆపాలో దానికే తెలుసు." ఆమె మొహం చూసి కాస్త మెత్తబడ్డాడు. "రేపు నేనే చెబుతాను వాళ్లకి. నా కాలు, నా నోరు."

తెల్లవారేసరికి ఆయన ఒళ్లు పెనంలా కాలుతోంది. ఎనిమిదింటికి పెద్ద డాక్టరు వచ్చాడు. మీసం నెరిసిన మనిషి. వెనక డాక్టరమ్మ, ఆమె వెనక మందుల ట్రే పట్టుకుని నర్సు. డాక్టర్లిద్దరూ నోటికి గుడ్డ మాస్కులు కట్టుకుని ఉన్నారు. వాటిని చూడగానే ఆమె మంచానికి దగ్గరగా జరిగింది. పెదాలు కనిపించవు.

"నమస్కారమండీ" అన్నాడు ఆయన, అవతలివాళ్లు నోరు విప్పేలోపే. "నాకు ఆపరేషన్ వద్దు."

"అలాగే. ముందు నాలుగు ప్రశ్నలు అడుగుతాను, చెప్పండి. ఇది ఏ నెల?"

"ఇలాగే ఉందండీ. వేడి తగ్గలేదు."

"ఈరోజు ఏ వారం?"

ఆయన మాస్కు వైపు చూసి, దాని వెనక మాటను లెక్కగట్టాడు. "ఆహారమా? రెండు రొట్టెముక్కలు తిన్నాను."

డ్రైవరు ఫక్కున నవ్వబోయి దుప్పటి నోట్లో కుక్కుకున్నాడు. పెద్ద డాక్టరు నవ్వలేదు. ట్రేలోంచి కత్తెర తీసి ఆయన ముందు పెట్టాడు. "ఇదేమిటి?"

కత్తెర చేతికందేసరికి ఆయన మొహం విప్పారింది. బొటనవేలితో అంచు నిమిరాడు. రెండుసార్లు గాల్లో ఆడించి, వెలుగుకు ఎత్తి చూశాడు. "మొద్దుబారిపోయిందండీ. ఇలాంటివాటితోనా నా కాలు కోసేది? నాకిస్తే పావుగంటలో గాలిని కోసేలా చేసిపెడతాను."

"కత్తెర అని చెప్పలేదు" అన్నాడు పెద్ద డాక్టరు డాక్టరమ్మతో. ఆ పిల్ల ఏదో అనబోయి, కాగితం వైపు చూసి ఊరుకుంది.

ఇక భార్య ఆగలేకపోయింది. "అయ్యా, ఆయనకు తెలివి తప్పలేదు. వినపడదు! చెవుడు! మీ మూతికి ఆ గుడ్డ ఉంటే ఆయనకేం తెలుస్తుంది!"

వార్డంతా ఇటు తిరిగింది. ఆమె పెదాలకు గుడ్డ లేదు. ఆయన ఆ మాట చూశాడు.

పెద్ద డాక్టరు కాగితం తిరగేశాడు. "నిన్న మీరే చెప్పారట. తెలుసుకునే స్థితిలో లేడు, చాలా ఏళ్లుగా ఇంతే అని. చెవుడని ఎక్కడా లేదే."

"నిన్న... నిన్న చెప్పలేకపోయానయ్యా."

"మాస్కు తీసి నేను అడుగుతాను సార్" అంది డాక్టరమ్మ. మాస్కు కిందికి లాగి, మంచం మీదికి వంగి, ఆయన చెవి దగ్గర గట్టిగా అరిచింది. "తాతా! కాలు తియ్యకపోతే ప్రాణం పోతుంది! అర్థమైందా? మీకు వద్దా? నోటితో చెప్పండి!"

ఆయనకు వినపడింది. వార్డు చివరి మంచానికి కూడా వినపడింది. కానీ ఆయన కళ్లు భార్య మీద ఉన్నాయి. ఇన్నేళ్లూ దాచుకున్నది నలుగురి ముందూ కట్టు విప్పిన పుండులా బయటపడింది. కత్తెర దుప్పటి మీద పెట్టి, గోడ వైపు తిరిగాడు.

"చెప్పయ్యా" అంది ఆమె, భుజం పట్టి కుదుపుతూ. "ఇందాక అన్నమాటే మళ్లీ అను. ఒక్కసారి. నీ కాళ్లు పట్టుకుంటాను."

ఆయన పలకలేదు. మాటల్లేవన్న ఆ మాట అన్నట్టే చేస్తున్నాడని ఆమెకు అర్థమైంది. చేసే సమయమా అది?

"జ్వరం నూట మూడు దాటింది" అన్నాడు పెద్ద డాక్టరు. "సాయంత్రానికి తెలివి ఎలాగూ ఉండదు. అందాకా ఆగితే మోకాలి పైకి పోవాలి. నిన్నటి సంతకం మీ మాటతోనే చెల్లకుండా పోయింది. ఇప్పుడు మీరే ఆయన తరఫున చెప్పాలి. ఏమంటారు?"

"ఆయన వద్దన్నాడయ్యా. నిన్న నాతో స్పష్టంగా అన్నాడు."

"సరే. వద్దని రాసి వేలిముద్ర వెయ్యండి, పంపించేస్తాం. ఇంటికి తీసుకెళ్తే రెండు రోజులు, మహా అయితే మూడు. నేను భయపెట్టడం లేదమ్మా, ఉన్నమాట చెబుతున్నాను." పెద్ద డాక్టరు గొంతులో కోపం లేదు. అదే ఆమెకు కష్టమైంది. కోప్పడితే ఎదురు తిరగవచ్చు.

డాక్టరమ్మ రెండు కాగితాలు తెచ్చి మంచం అంచున పరిచింది. ఇది సరేనని, ఇది వద్దని. వేలిముద్రకు సిరా దిండు మధ్యలో పెట్టింది. చదువు రానివాళ్లకు రెండు కాగితాలూ ఒకేలా ఉంటాయి. ఏది ఏదో ఆమె రెండుసార్లు అడిగి తెలుసుకుంది.

వద్దంటే అది ఆయన మాట. సరేనంటే తన మాట. ఆయన తరఫున చెప్పమన్నారు. ఆయన తరఫున చెప్పాల్సింది ఆయన ఎప్పుడో చెప్పేశాడు, ఇంక తాను ఆలోచించాల్సిందేమీ లేదు. ఆ కాగితం మీదికే చెయ్యి చాచింది. అప్పుడు ఆయన వీపు చూసింది. చొక్కా చెమటకు తడిసి, ఊపిరికి పక్కటెముకలు లేచి పడుతున్నాయి. రెండు రోజులు. మూడో రోజు ఆ వీపు ఉండదు.

బొటనవేలు సిరా దిండుకు అద్ది, సరేనన్న కాగితం మీద వేసింది.

"మంచి పని చేశావక్కా" అన్నాడు డ్రైవరు. ఆమె వాడి వైపు చూడలేదు.

తొమ్మిదిన్నరకు స్ట్రెచర్ వచ్చింది. ఎక్కించేటప్పుడు ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. మసక పట్టిన చూపు ఆమె మొహం మీద పడి, వేలి నల్లసిరా మీదికి దిగి, మళ్లీ పైకి రాలేదు. ఆమె పక్కనే నడుస్తూ ఆయన చెవిలో "నువ్వు లేకపోతే నేనేం చెయ్యనయ్యా" అంది. విన్నాడో లేదో తెలియలేదు. తలుపు దగ్గర ఆమెను ఆపేశారు.

పదకొండు దాటాక లోపలి నుంచి ఒక వార్డుబాయ్ వచ్చాడు. నడివయసువాడు, మెత్తని మనిషి. ఆయన ప్రాణానికి ఏం భయం లేదనీ, మత్తు వదలడానికి ఒంటిగంట అవుతుందనీ చెప్పాడు. ఆ తరువాత చేతిలోని అట్ట ముందుకు చాచాడు. దాని మీద ఇంకో కాగితం.

"ఇది దేనికి నాయనా?"

వాడు కాస్త ఇబ్బంది పడ్డాడు. "తీసిన కాలమ్మా. మీరు తీసుకెళ్లి పూడ్చుకుంటారా, మమ్మల్నే చూసుకోమంటారా? ఏదో ఒకటి రాసివ్వాలి."

ఆమె కాగితం వైపు చూసింది. "అది ఆయన కాలు. ఆయన్నే అడగాలి. లేచాక అడుగుదాం. నేనే అడుగుతాను, చెవి దగ్గర చెబితే ఆయనకు బాగానే వినిపిస్తుంది."

"అందాకా ఉంచరమ్మా. పన్నెండింటికి ఇలాంటివి పట్టుకుపోయే బండి వస్తుంది."

"ఒక్క గంటే కదా. బండిని ఆగమను."

"నా చేతిలో ఏముందమ్మా?"

"నాకివ్వు. లేచేదాకా నేను పట్టుకుని కూర్చుంటాను."

"అలా ఇవ్వకూడదు. తీసుకెళ్తానని రాసిస్తేనే ఇస్తారు. ఇస్తే ఇక్కడ ఉంచుకోనివ్వరు, వెంటనే బయటికి తీసుకుపోవాలి. అప్పుడు ఆయన దగ్గరెవరుంటారు?"

ఆమె బల్ల మీద కూర్చుంది. వార్డుబాయ్ పక్కనే నిలబడ్డాడు. తొందరపెట్టలేదు, కదలనూ లేదు. గోడ గడియారం వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూస్తున్నాడు. స్ట్రెచర్ మీద ఆయన్ను బయటికి తెచ్చారు. ఆమె లేచి దుప్పటి మీద చెయ్యి వేసి, పక్కనే వార్డు దాకా నడిచింది. చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది. మళ్లీ అడిగింది. నోరు కొద్దిగా తెరిచి ఆయన నిద్రపోతూనే ఉన్నాడు.

పన్నెండింటికి బండి వచ్చింది.